ఒకే మెట్టు, రెండు స్వరాలు: వీణపై పేర్ల చరిత్ర

విజయనగరంలో 1550వ సంవత్సరంలో రామామాత్యుడు ‘స్వరమేళకళానిధి’ అనే సంస్కృత గ్రంథాన్ని రచించాడు. అళియ రామరాయల ప్రోత్సాహంతో వెలువడిన ఈ గ్రంథాన్ని రాగాల వర్గీకరణకు సంబంధించినదిగానే సంగీత విద్యార్థులు ఎక్కువగా ఎరుగుదురు. అందులోని వీణాప్రకరణానికి అంత ప్రసిద్ధి కలుగలేదు. అయితే శ్రుతులను సర్దుకొన్న తీరూ, ఆ సర్దుబాటుకు మన పెద్దలు పేర్లు పెట్టిన తీరూ తెలియాలంటే ఆ ప్రకరణాన్నే తెరవవలసి ఉంటుంది.

శ్రుతి సమస్య ఏ ఒక్క దేశానిదీ కాదు. షడ్జం నుండి పంచమానికి, ఆ పంచమాన్నే మరల షడ్జంగా భావించి దాని పంచమానికి, ఇలా పన్నెండు మార్లు శుద్ధంగా ఎక్కితే ఏడు స్థాయిల పైనున్న షడ్జాన్ని చేరాలి. కాని స్వరం దానిని కొద్దిగా మించిపోతుంది. ఈ మిగులుకు పాశ్చాత్యులు పైథాగరస్ కామా అని పేరు పెట్టారు. గ్రీకులో ఆ మాటకు కోసిన ముక్క అని అర్థం. వాక్యం నడుమ పిల్లలు పెట్టే కామా కూడా ఆ మాటే. దీనికి దగ్గరి బంధువు మరొకటి కలదు. నాలుగు శుద్ధ పంచమాలు ఎక్కి రెండు స్థాయిలు దిగితే వచ్చే గాంధారం, 5:4 నిష్పత్తిలో పలికే గాంధారం కంటె 81:80 మేర హెచ్చుగా ఉంటుంది. దీనిని అలెగ్జాండ్రియాకు చెందిన డిడిమస్ పేర పిలుస్తారు. ఎలిస్ 1885లో ప్రచారంలోకి తెచ్చిన కొలత ప్రకారం స్థాయికి 1200 సెంట్లు. అందులో ఈ తేడా 21.5 సెంట్లు మాత్రమే. వాద్యాలపై ఈ మిగులును పంచిపెట్టిన పద్ధతులకు కూడా ఐరోపాలో వెర్క్‌మైస్టర్, కిర్న్‌బెర్గర్, వల్లొట్టి అంటూ శాస్త్రకారుల పేర్లే నిలిచాయి.

మన దేశంలో నామకరణం వేరొక దారిన నడిచింది. భరతుడు నాట్యశాస్త్రంలో రెండు వీణలను సమంగా శ్రుతి చేసి, ఒకదానిపై పంచమాన్ని ఒక శ్రుతి తగ్గించమన్నాడు. ఆ తేడాకు ప్రమాణశ్రుతి అని పేరు. ఆ పేరులో వ్యక్తి లేడు, కొలత మాత్రమే ఉన్నది. ఆధునిక పండితులలో పలువురు దీనిని 81:80 తేడాతో సమానంగా భావిస్తారు. పదమూడవ శతాబ్దిలో దేవగిరి యాదవుల ఆస్థానంలో శార్‌ఙ్గదేవుడు ‘సంగీతరత్నాకరం’లో ఇరవైరెండు శ్రుతులకూ దయావతి, రంజని, క్రోధ, ప్రీతి వంటి పేర్లను చెప్పాడు. వినసొంపైన పేర్లే గాని, ఏ శ్రుతి ఎంత ఎత్తున ఉన్నదో అవి చెప్పవు.

రామామాత్యుని ఎదుట ఉన్నది పుస్తకం కాదు, మెట్లున్న వీణ. మెట్టు అన్ని తీగలకూ అడ్డంగా ఉంటుంది గనుక ప్రతి శ్రుతికీ ఒక మెట్టు పెట్టడం వీలుకాదు. గాంధారానికి రెండు శ్రుతుల పైన అంతర గాంధారం, దానికి మరొక శ్రుతి పైన, అనగా మధ్యమానికి ఒక్క శ్రుతి కింద, చ్యుత మధ్యమం అని శాస్త్రం. చ్యుత అంటే జారిన అని అర్థం. జారినా మధ్యమం మధ్యమమే అన్నది పూర్వుల లెక్క. రామామాత్యుడు దానిని గాంధారాలలో చేర్చి, చ్యుతమధ్యమ గాంధారం అన్నాడు. అలాగే చ్యుత షడ్జం ఆయన చేతిలో చ్యుతషడ్జ నిషాదమైంది. స్వరం ఎక్కడ నుండి జారిందో, ఏ స్వరం ఇంటికి చేరిందో రెండూ ఒక్క పేరులోనే తెలుస్తాయి. ఇంత పొందికైన నామకరణం సంగీతశాస్త్రంలో అరుదు.

తరువాత ఆయన చేసినది సాహసమే. అంతర గాంధారానికి చ్యుతమధ్యమ గాంధారాన్నీ, కాకలి నిషాదానికి చ్యుతషడ్జ నిషాదాన్నీ ప్రతినిధులుగా నిర్ణయించాడు. తేడా ఒక్క శ్రుతే గనుక ఒక మెట్టు చాలునన్నాడు. ఈ ఒప్పందాన్ని అంగీకరిస్తే తాను చెప్పిన ఇరవై మేళాలు పదిహేనుకు తగ్గుతాయని కూడా లెక్క చూపాడు. ఐరోపావారు కామాను పంచమాల నడుమ పంచితే, ఈయన స్వరాల నడుమ ప్రాతినిధ్యం కల్పించాడు.

వీణను శ్రుతి చేసే పద్ధతులలో ఒకదానిని రామామాత్యుడు అచ్యుతరాజేంద్ర మేళవీణ అని పేర్కొన్నాడు. అచ్యుతదేవరాయలు 1542లోనే గతించాడు. పోషకుని పేర శ్రుతి పద్ధతిని పిలవడం అపురూపమైన విషయమే, కాని ఆ పేరు నేటి వైణికుల వాడుకలో లేదు.

పదిహేడవ శతాబ్దిలో తంజావూరు నాయకరాజుల కాలంలో ‘చతుర్దండీప్రకాశిక’ను రచించిన వేంకటమఖి రామామాత్యుని తీవ్రంగా ఖండించాడు. ఆ ఖండనలో న్యాయం కంటె కోపం పాలు కొంత ఎక్కువ. చ్యుతపంచమ మధ్యమాన్ని ఆయన వరాళి రాగం పేర వరాళి మధ్యమం అన్నాడు. నేడు అందరూ దానినే ప్రతిమధ్యమం అంటున్నారు. గాంధారం విషయం మరీ విచిత్రం. మెట్టును దక్కించుకొన్న చ్యుతమధ్యమ గాంధారం పేరు మరుగునపడింది. ఎవరికి అది ప్రతినిధిగా నిలిచిందో ఆ అంతర గాంధారం పేరే మిగిలింది. కాకలి నిషాదం కథా అంతే. రెండు గాంధారాల నడుమ ఒక శ్రుతి తేడా ఉండేదన్న సంగతికి ఆ పాత పేరే సాక్ష్యం. పేరు పోవడంతో పాఠం చెప్పే గురువుకు కూడా ఆ తేడా గుర్తుచేసే ఆధారం లేకపోయింది.

రిషభం పేరులో మాత్రం పాత లెక్క కొంత దాగి ఉన్నది. శుద్ధ రిషభానికి మూడు శ్రుతులు, శుద్ధ గాంధారానికి మరి రెండు, మొత్తం ఐదు. అందువలన శుద్ధ గాంధార స్థానంలోనే పలికే రిషభాన్ని రామామాత్యుడు పంచశ్రుతి రిషభం అన్నాడు. సుబ్బరామ దీక్షితులు 1904లో తమిళదేశంలోని ఎట్టయపురం నుండి తెలుగు లిపిలో ప్రకటించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో కూడా పంచశ్రుతి రిషభమే కనిపిస్తుంది. నేటి పాఠ్యపుస్తకాలలో అది చతుశ్శ్రుతి రిషభం. ఒక పుస్తకంలో ఐదు, మరొక పుస్తకంలో నాలుగు చూసి విద్యార్థి వీణ దగ్గరకు వెళితే, రెండు పేర్లకూ వేలు పడేది షడ్జం తరువాతి రెండవ మెట్టు మీదనే.