ఆంధ్రా బ్యాంక్ బోర్డు మారింది.. మరి 20 వేల మంది ఉద్యోగుల సంగతేంటి? విలీనం అంటే ఆఫీసులో అసలేం జరుగుతుంది?

బ్యాంకులు కలిసిపోతున్నాయంటే కస్టమర్‌కి ముందు గుర్తొచ్చేవి పాస్‌బుక్, చెక్‌బుక్, ఐఎఫ్ఎస్‌సీ కోడ్. కౌంటర్ అవతల కూర్చున్న ఉద్యోగి లెక్కలు వేరు. కొత్త బాస్ ఎవరు? సీనియారిటీ ఎక్కడికి పడిపోతుంది? ట్రాన్స్‌ఫర్ ఏ రాష్ట్రానికి? రేపటి నుంచి కంప్యూటర్‌లో ఏ మెనూ తెరవాలి? సంస్థలో పెద్ద మార్పు వచ్చినప్పుడు దాన్ని ఎలా నడిపించాలో, ఎక్కడెక్కడ చిక్కులొస్తాయో చెప్పడానికి తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణ ఆంధ్రా బ్యాంక్ విలీనం.

1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో పెట్టిన బ్యాంక్ అది. 1980లో జాతీయం అయింది. 2019 ఆగస్టు 30న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 10 ప్రభుత్వ రంగ బ్యాంకులను 4గా మారుస్తున్నట్టు ప్రకటించారు. అందులో భాగంగా ఆంధ్రా బ్యాంక్, మంగళూరు కేంద్రంగా ఉన్న కార్పొరేషన్ బ్యాంక్.. ఈ రెండూ యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలవాలి. 2020 ఏప్రిల్ 1న కలిసిపోయాయి.

ప్రకటన నాటి లెక్కలు చూస్తే పని ఎంత పెద్దదో అర్థమవుతుంది. యూనియన్ బ్యాంక్‌లో 37,262 మంది ఉద్యోగులు, ఆంధ్రా బ్యాంక్‌లో 20,346 మంది, కార్పొరేషన్ బ్యాంక్‌లో 17,776 మంది. మొత్తం 75,384. బ్రాంచీలు మూడూ కలిపి 9,609. అంటే కలిశాక ప్రతి ఇద్దరిలో ఒకరు బయటి నుంచి వచ్చినవాళ్లే. "వాళ్లొచ్చి మనలో కలుస్తారు" అని యూనియన్ బ్యాంక్ ఊరుకునే పరిస్థితి కాదది.

ఉద్యోగాలు పోతాయా?

ప్రకటన రాగానే మొదలైన భయం ఇదే. ఏ ఒక్కరి ఉద్యోగమూ పోదని ఆర్థిక మంత్రి చెప్పారు. అయినా సంఘాలు ఊరుకోలేదు. 2019 అక్టోబర్ 22న ఏఐబీఈఏ, బెఫీ సంఘాలు విలీనాలకు వ్యతిరేకంగా దేశవ్యాప్త సమ్మె చేశాయి. ఇక్కడైతే పేరు మీద మమకారం కూడా తోడైంది. "ఆంధ్రా" అన్న మాట బోర్డు మీద నుంచి పోతోందన్న బాధ ఉద్యోగులకే కాదు, తరాలుగా ఖాతాలున్న కుటుంబాలకూ ఉంది.

జీతాల విషయంలో నిజానికి పెద్ద గొడవ లేదు. ప్రభుత్వ బ్యాంకుల జీతాలు బ్యాంకుల సంఘం ఐబీఏకి, ఉద్యోగ సంఘాలకు మధ్య జరిగే ఒప్పందంతో తేలుతాయి. ఆంధ్రా బ్యాంక్ క్లర్క్‌కైనా, యూనియన్ బ్యాంక్ క్లర్క్‌కైనా స్కేల్ ఒకటే. ప్రైవేట్ కంపెనీలు కలిసినప్పుడు వచ్చే సగం తలనొప్పి ఇక్కడ ముందే లేదన్నమాట.

అసలు మంట సీనియారిటీ దగ్గర

జీతం ఒకటే అయినా ప్రమోషన్ ఒకటి కాదు. ఒక బ్యాంక్‌లో ఖాళీలు ఎక్కువుండి ఆఫీసర్లు త్వరగా స్కేల్ 1 నుంచి స్కేల్ 2కి, 3కి వెళ్లిపోతారు. ఇంకో బ్యాంక్‌లో అదే ఏడాది చేరిన వాళ్లు కింది స్కేల్‌లోనే ఉండిపోతారు. ఇప్పుడు రెండు జాబితాలు కలపాలి. స్కేల్‌లోకి వచ్చిన తేదీ పట్టుకుని లెక్కేస్తే ఒక వర్గం నష్టపోతుంది. ఉద్యోగంలో చేరిన తేదీ చూస్తే ఇంకో వర్గం. అందరూ సంతోషపడే ఫార్ములా లేదు.

ఇది ఊహ కాదు. 1993లో న్యూ బ్యాంక్ ఆఫ్ ఇండియాను పంజాబ్ నేషనల్ బ్యాంక్‌లో కలిపినప్పుడు సీనియారిటీ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1996లో గానీ తీర్పు రాలేదు. అందుకే ఇలాంటి మార్పుల్లో రూల్ ఏమిటన్నది ఎంత ముఖ్యమో, ఆ రూల్‌ని ఎప్పుడు చెప్పారన్నదీ అంతే ముఖ్యం. విలీనానికి ముందే కాగితం మీద పెడితే తిట్టుకుంటూనైనా ఒప్పుకుంటారు. ప్రమోషన్ల లిస్ట్ వచ్చే వారం ముందు బయటపెడితే కుట్ర అంటారు.

హెడ్డాఫీసులో ఉన్నవాళ్ల సమస్య ఇంకోలా ఉంటుంది. ఆంధ్రా బ్యాంక్ ప్రధాన కార్యాలయం హైదరాబాద్ సైఫాబాద్‌లో ఉండేది. యూనియన్ బ్యాంక్‌ది ముంబై. మూడు బ్యాంకులకు మూడు హెచ్ఆర్ విభాగాలు, మూడు ఐటీ విభాగాలు, మూడు ట్రెజరీలు ఉండేవి. కలిశాక ఒక్కోటే చాలు. ఉద్యోగం పోదు, కానీ కుర్చీ పోతుంది. పిల్లలు ఇంటర్ చదువుతున్న ఆఫీసర్‌కి ముంబై పోస్టింగ్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. "ఉద్యోగాలు పోవు" అన్న హామీలో ఈ సంగతి ఉండదు.

లాక్‌డౌన్‌లో విలీనం

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. సరిగ్గా వారానికి విలీనం అమల్లోకి వచ్చింది. మూడు బ్యాంకుల వాళ్లను ఒకచోట కూర్చోబెట్టి ట్రైనింగ్ ఇచ్చే వీలే లేదు. పైగా అదే ఏప్రిల్‌లో జన్‌ధన్ ఖాతాలున్న మహిళలకు కేంద్రం నెలకు రూ.500 చొప్పున వేయడం మొదలుపెట్టింది. బ్రాంచీల ముందు బారులు తీరిన జనం. మాస్కులు, శానిటైజర్లు, సగం స్టాఫ్.

ఆ పరిస్థితుల్లో బ్యాంక్ చేసిన తెలివైన పని ఏంటంటే.. మొదటి రోజే అన్నీ మార్చేయలేదు. చట్టప్రకారం బ్యాంక్ ఒకటైంది, సిస్టమ్స్ మాత్రం కొన్నాళ్లు వేటికవే నడిచాయి. పాత ఏఎన్‌డీబీ ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు, పాత చెక్‌బుక్‌లు 2021 మార్చి 31 దాకా పనిచేశాయి. ఏప్రిల్ 1 నుంచి యూబీఐఎన్‌తో మొదలయ్యే కొత్త కోడ్‌లు తప్పనిసరి అయ్యాయి. అంటే ఏడాది గడువు.

సాఫ్ట్‌వేర్ విషయంలోనూ కొంత కలిసొచ్చింది. ఈ మూడింటినే ఎందుకు కలిపారంటే, మూడూ ఇన్ఫోసిస్ వారి ఫినాకిల్ మీదే నడుస్తున్నాయన్నది ప్రభుత్వం చూపించిన కారణాల్లో ఒకటి. అయితే "ఒకటే సాఫ్ట్‌వేర్ కదా, ఇట్టే కలిసిపోతాయి" అనుకుంటే పొరపాటే. ఒక్కో బ్యాంక్ తన లోన్ స్కీమ్‌లకు, వడ్డీ లెక్కలకు తగ్గట్టు దాన్ని మార్చుకుని ఉంటుంది. ఇరవై ఏళ్లుగా చెయ్యి అలవాటైన క్యాషియర్‌కి ఒక్క స్క్రీన్ మారినా క్యూ రెట్టింపు అవుతుంది. కస్టమర్ తిట్టేది ముంబై ఆఫీసును కాదు, ఎదురుగా ఉన్న మనిషిని. అందుకే బ్రాంచీలన్నీ ఒకేసారి కాకుండా ముందు కార్పొరేషన్ బ్యాంక్, తర్వాత ఆంధ్రా బ్యాంక్ అన్నట్టు విడతలుగా కొత్త సిస్టమ్‌లోకి తెచ్చారు.

పేరు గురించి ఒక చిన్న మాట. విలీనం తర్వాత యూనియన్ బ్యాంక్ లోగో కింద ఆంధ్రా, కార్పొరేషన్ పేర్లను చిన్న అక్షరాల్లో ఉంచారు. ఖర్చు పెద్దగా లేని పని. కానీ ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ "ఆంధ్రా బ్యాంక్ దగ్గర దిగాలి" అని ఆటోవాళ్లకు చెప్తున్న చోట, ఆ చిన్న అక్షరాల విలువ తక్కువేం కాదు.

ఇదే కథ మళ్లీ ఇప్పుడు

2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామీణ బ్యాంకులన్నీ ఒకటయ్యాయి. చైతన్య గోదావరి, ఆంధ్ర ప్రగతి, సప్తగిరి, ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంక్.. ఈ నాలుగూ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంక్ అయ్యాయి. స్పాన్సర్ యూనియన్ బ్యాంకే. తెలంగాణలో గ్రామీణ వికాస్ బ్యాంక్ బ్రాంచీలు అంతకుముందే, 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంక్‌లో కలిశాయి.

ఇక్కడ చిక్కు ఇంకాస్త ఎక్కువ. నాలుగు బ్యాంకులకు నలుగురు స్పాన్సర్లు ఉండేవాళ్లు: యూనియన్ బ్యాంక్, కెనరా బ్యాంక్, ఇండియన్ బ్యాంక్, స్టేట్ బ్యాంక్. ఒక్కొక్కరి పద్ధతి ఒక్కోటి. శ్రీకాకుళం బ్రాంచ్‌లో పనిచేసే ఆఫీసర్, అనంతపురం బ్రాంచ్‌లో పనిచేసే ఆఫీసర్ ఇప్పుడు ఒకే సంస్థ ఉద్యోగులు. అటువాళ్లకు ఇటు, ఇటువాళ్లకు అటు ట్రాన్స్‌ఫర్ వేసే అవకాశం ఉందా, ఉంటే ఏ ప్రాతిపదికన.. గ్రామీణ బ్యాంక్ ఉద్యోగి ముందుగా తెలుసుకోవాలనుకునేది అదే.