కుంగుబాటు మందుల విరమణ: ఒక చరిత్ర

స్విట్జర్లాండు దేశమున మ్యూన్‌స్టర్‌లింగెన్ మానసిక వైద్యాలయమందు పనిచేయుచుండిన రోలాండ్ కూన్ అను వైద్యుడు, గైగీ సంస్థవారు పరీక్షార్థము పంపిన ఇమిప్రమీన్ అను రసాయనము గాఢవిషాదమున మునిగిన రోగులను తేర్చుచున్నదని కనిపెట్టి, ఆ సంగతిని 1957లో లోకమునకు వెల్లడించెను. ఆ మందును మానినపుడు ఏమగునను ప్రశ్నకు సమాధానము కూడ అచిరకాలముననే లభించినది. 1959 నాటికే వైద్యపత్రికలలో ప్రస్తావనలు వెలువడగా, 1961లో అమెరికాయందు క్రేమర్, డోనాల్డ్ క్లైన్, మాక్స్ ఫింక్ అనువారు, ఇమిప్రమీన్‌ను నిలిపిన రోగులకు వికారము, తలనొప్పి, తలతిరుగుడు, చలి, నిస్సత్తువ కలుగుచున్నవని విశదముగ వ్రాసిరి. కనుక వైద్యలోకము ఈ సంగతిని మొదటినుండియు ఎరుగును, ఎరిగియు మరచినది.

ఇంతలో కొత్తతరపు కుంగుబాటు మందులు వచ్చినవి: 1987 చివర అమెరికాలో అనుమతి పొందిన ఫ్లువాక్సెటిన్, దాని వెంట వచ్చిన సెర్ట్రలిన్, పరాక్సెటిన్ మొదలగునవి, మోతాదు మించినను పాతమందులంత ప్రాణాంతకములు కాకుండుటచే, సామాన్య వైద్యుల చీటీలలోనికి సులభముగ ప్రవేశించినవి. అనుమతికై జరిగిన పరీక్షలు సాధారణముగ ఆరు, ఎనిమిది వారములవి. రోగులో ఏండ్ల తరబడి మాత్రలు మింగుచువచ్చిరి. అన్నేండ్లు ఒక మందునకు అలవడిన మెదడు, అది లేకుండ మరల సర్దుకొనుటకు ఎంత వ్యవధి పట్టునో ఆ స్వల్పకాల పరీక్షలు చెప్పజాలవు గదా! 1996లో ఫీనిక్సు నగరమున ఈ విషయమై నిపుణుల గోష్ఠి జరిగినది గాని, దానికి ధనమిచ్చినది ఫ్లువాక్సెటిన్‌ను అమ్ము ఎలై లిల్లీ సంస్థ. శరీరమున వారముల తరబడి నిలుచు ఆ మందుకంటె, త్వరగా వెడలిపోవు పరాక్సెటిన్ వంటివి మానుట కష్టతరమనుట చాలవరకు నిజమే. ఐనను, ఈ బాధలు స్వల్పములనియు, వాటంతట అవే తగ్గుననియు ఆ కాలమున పాతుకొనిన అభిప్రాయము రోగులకు మిక్కిలి కీడు చేసినది. 2004 నాటి బ్రిటిషు జాతీయ మార్గదర్శకములు సైతము సుమారు ఒక వారములో అవి తగ్గునని పలికినవి.

తత్ఫలితముగ, మాత్ర మాని నాలుగు దినములు గడవకమున్నే తల తిరిగి, నిద్ర చెడి, తలలో కరెంటు షాకు కొట్టినట్లు జలదరింపు కలిగి, కారణములేని కన్నీటితో వైద్యుని వద్దకు పరుగెత్తిన రోగికి, పాతవ్యాధియే తిరుగబెట్టినదను తీర్పు లభించి, ఆ మాత్రయే మరల చేతికి వచ్చెడిది. ఈ చరిత్రయందు ఇంతకుమించిన అన్యాయము నాకు కనబడదు. ఏలయన, తలలోని ఆ షాకు కుంగుబాటు లక్షణము కాదు; మోతాదు తగ్గించిన కొలది దినములకే ఆరంభమై, మందు తిరిగి వేసికొన్నంతనే ఉపశమించు బాధకును, సాధారణముగ వారములో నెలలో గడచి మెల్లగా తిరిగివచ్చు వ్యాధికిని గల భేదము, అడిగి విన్న వైద్యునికి తెలియరానిది కాదు.

రోగుల మొర వినబడుటకు 2019 వరకు కాలము పట్టినది. ఆ యేట బ్రిటనులోని మనోవైద్యుల రాయల్ కళాశాల ఈ బాధలపై తన వైఖరిని సవరించుకొనెను. జాతీయ మార్గదర్శకములును మారినవి. తానే ఈ మందులు మానబోయి బాధపడిన మనోవైద్యుడు మార్క్ హోరోవిట్జ్, ఔషధశాస్త్రజ్ఞుడగు డేవిడ్ టేలర్‌తో కలిసి ఆ సంవత్సరముననే ప్రకటించిన వ్యాసము, మోతాదు తగ్గించు పద్ధతినే ప్రశ్నించినది. ఈ కోవకే చెందిన సిటాలోప్రామ్ అను మందు 20 మిల్లీగ్రాములు, తాను పనిచేయు స్థానములైన మెదడులోని సెరటోనిన్ వాహకములలో సుమారు 80 శాతమును ఆక్రమించును. దానిని సగము చేసినను ఆ ఆక్రమణ 70 శాతము చేరువనే నిలుచును. కాని 5 మిల్లీగ్రాములనుండి ఒక్కసారిగ శూన్యమునకు దిగినచో దాదాపు 60 శాతము ఒకేమారు జారిపోవును. దిగు మెట్లలో చివరిదే అన్నింటికంటె లోతైనది. కావున చివరి భాగమును, ద్రవరూపమున నైనను, అతిసూక్ష్మముగ, నెలల తరబడి తగ్గింపవలెనని వారు వాదించిరి.

ఇంతమాత్రమున మందులనే నిందించుట తగదు. 2021లో ప్రకటితమైన బ్రిటిషు పరీక్షలో, దీర్ఘకాలము మందు వాడి కుదుటపడిన 478 మందిని ఒక సంవత్సరము గమనింపగా, మందు మానినవారిలో 56 శాతమునకు, కొనసాగించినవారిలో 39 శాతమునకు వ్యాధి తిరిగివచ్చినది. మానుట కొందరికి ప్రమాదమే. వాడుచునే యుండుట అందరికిని అవసరము కాదు. ఇది చదివి మాత్రల నేడే పారవేయువారుందురేమో యని నా భయము. అట్లు చేయక, వైద్యునితో చెప్పి, తగ్గించిన తేదీని, మోతాదును, కలిగిన బాధను కాగితముపై వ్రాసికొని ఆయన యెదుట పెట్టుడని పాఠకులను వేడుచున్నాను.