హానోవరు చర్చీలూ, నాయుడుపేట చుట్టరికమూ

యూరపు వెళ్ళొచ్చినవాళ్ళ ఆల్బములు తిరగేస్తే చర్చీలే చర్చీలు! పది చూశాక ఏది ఏ ఊళ్ళోదో వాళ్ళకే గుర్తుండదు, పాపం. పారిస్, కొలోన్ చర్చీల సంగతి చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు కనుక వాటినలా ఉంచండి. మన స్వర్ణముఖి ఒడ్డున ఉన్న నాయుడుపేటకి ఉత్తర జర్మనీతో పాత చుట్టరికం ఒకటుంది. అటు వెళ్ళే అవకాశమే వస్తే, ముందు హానోవరు నగరంలో దిగండి.

ఊరి నడిబొడ్డున, పాత సంతవీధిలో, 14వ శతాబ్దపు చర్చి ఉంది. అంతా ఎర్ర ఇటుకే. ఆ మైదానాల్లో కట్టుబడి రాయి అరుదు మరి. గోపురం 97 మీటర్లు. అంత ఎత్తు లేపి, కొసన మాత్రం బుల్లి శిఖరం పెట్టారు! తాపీవాళ్ళు అలిసిపోయారనీ, డబ్బుసంచీ అడుగంటిందనీ ఆ ఊరివాళ్ళే వేళాకోళం చేస్తారు. సొంత ఇల్లు కట్టుకున్న ఇల్లాలికి ఈ మాట వేరే విడమరిచి చెప్పనక్కర్లేదు.

1943 బాంబుదాడుల్లో ఈ చర్చి బాగా దెబ్బతింది. 1952 నాటికి బాగుచేశారు. దగ్గర్లోనే ఉన్న ఎగీడియన్ చర్చిని మాత్రం బాగుచెయ్యలేదు, కావాలనే. కప్పు లేదు, గోడలే మిగిలాయి. వాన పడితే లోపల పడుతుంది. 1985లో హిరోషిమా నగరం ఇచ్చిన శాంతిగంట అక్కడ ఉంది. ఏటా ఆగస్టు 6న మోగిస్తారు. నన్నడిగితే, ఎన్ని బంగారు పూతల చర్చీలు చూసినా ఈ మొండిగోడల ముందు నిలబడినంత సేపు నిలబడబుద్ధి కాదు.

ఇక చుట్టరికం సంగతి. హానోవరుకు ఉత్తరాన, సెల్లె పట్టణం దాటాక హెర్మన్స్‌బుర్గ్ అనే పల్లె వస్తుంది. చుట్టూ ఇసుకనేలలు, పొదలు, గొర్రెలమందలు. నెల్లూరు గొర్రెల్ని ఎరిగినవాళ్ళకి ముచ్చటేస్తుంది. అక్కడి పాదిరీ లూయీ హార్మ్స్ గ్రాంథికం పక్కనపెట్టి, పల్లెజనం మాట్లాడే జర్మనులోనే వాళ్ళకి కథలు చెప్పేవారు. 1849లో మిషను పెట్టి రైతుబిడ్డలకి తర్ఫీదిచ్చారు. 1853లో సొంత ఓడే కట్టించి ఆఫ్రికా పంపారు! సముద్రం ఎరగని పల్లెకి ఓడేమిటని నవ్వినవాళ్ళు ఉండకపోరు.

1860ల నడుమ ఆ మిషను తరఫున ఆగస్ట్ మీలియుస్ మన వైపు వచ్చారు. అంతకుముందు తమిళ ప్రాంతంలో మరో జర్మన్ మిషనులో పనిచేసినవారు. సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు, వెంకటగిరి, కాళహస్తి, తిరుపతి దాకా ఆ మిషను పాకింది. కూడబెట్టిందంతా రాళ్ళకీ గోపురాలకీ పోసిన చర్చీలు యూరపు నిండా ఉన్నాయి. ఈ పల్లెచర్చి మాత్రం మనుషుల్నే పంపింది. అదెంతవరకు మంచిదో ఎవరి అభిప్రాయం వారిది. పంపిన పల్లె మాత్రం పెద్దదేమీ కాదు.

1914లో యుద్ధం వచ్చింది. ఇంగ్లీషు ప్రభుత్వానికి జర్మన్ పాదిరీలు శత్రుదేశస్థులైపోయారు. వాళ్ళని నిర్బంధంలో పెట్టి, తర్వాత తిప్పి పంపించేశారు. ఎక్కడో ఎవరో తుపాకీ పేల్చుకుంటే, ఇక్కడి తెలుగు సంఘాలకి ఆదివారం ప్రసంగం చెప్పే పెద్దదిక్కు లేకపోయింది! ఆ మీదట అమెరికాలోని ఓహాయో లూథరన్లు వచ్చి పనిని అందుకున్నారు. ఇవాళ ఆ సంఘాలవాళ్ళది దక్షిణ ఆంధ్ర లూథరన్ చర్చి. దాని కేంద్రం తిరుపతి.

అన్నట్టు, జర్మనీలో చర్చికి వెళితే చెప్పులు విప్పక్కర్లేదు. మగవాళ్ళు టోపీ తీస్తే చాలు. మన వైపు పల్లెచర్చీల్లోలాగా గుమ్మం ముందు చెప్పులు వదిలి, ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు చాపల మీద కూచోవడం అక్కడ కనపడదు. బల్లలమీద ఆలుమగలు పక్కపక్కనే కూచుంటారు. హెర్మన్స్‌బుర్గ్ వెళ్ళేవాళ్ళు ఆగస్టు నెలాఖరులో వెళ్ళండి. పొదలన్నీ ఊదారంగు పూలు పూసి ఉంటాయి.