ఉద్యోగం పోతే ఏ డబ్బు వస్తుంది, ఎలా వస్తుంది? బారిడీహ్ కార్మికులు తెలుసుకోవాల్సిన విషయాలు

జంషెడ్‌పూర్ తూర్పు వైపున ఉండే బారిడీహ్ నుంచి రోజూ వేలమంది ఖర్కయీ నది దాటి ఆదిత్యపూర్ పారిశ్రామికవాడకో, టెల్కో వైపు ఉన్న యూనిట్లకో పనికి వెళ్తారు. వీరిలో శ్రీకాకుళం ప్రాంతం నుంచి తరాల క్రితమే వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల వారూ ఉన్నారు. 2019లో వాహన పరిశ్రమ మాంద్యంలో టాటా మోటార్స్ ప్లాంటు కొద్ది రోజుల చొప్పున ఉత్పత్తి ఆపినప్పుడు, దానికి విడిభాగాలు చేసే ఆదిత్యపూర్‌లోని చిన్న యూనిట్లలో ముందుగా పని పోయింది కాంట్రాక్టు కార్మికులకే. అలాంటప్పుడు ప్రతి ఇంట్లో వినిపించే ప్రశ్న ఒకటే: ప్రభుత్వం నిరుద్యోగ భృతి ఇస్తుందా?

దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. ఉద్యోగం పోయిన ప్రతి ఒక్కరికీ నెలనెలా డబ్బు ఇచ్చే పథకం దేశంలో లేదు. చేతికి వచ్చేదంతా కార్మికుడి పేరిట కట్టిన బీమా, భవిష్య నిధి, చట్టం ప్రకారం యజమాని ఇవ్వాల్సిన పరిహారం నుంచే వస్తుంది. వీటిలో ఏది వస్తుందో చాలావరకు నిర్ణయించేది పని మానేసిన రోజున రికార్డులో రాసిన కారణం.

ఈఎస్‌ఐ కింద రెండు పథకాలు

కార్మికుల బీమాపై బి.పి. అదార్కర్ 1944లో నివేదిక ఇచ్చారు. 1948లో చట్టం వచ్చింది. అయితే ఆ బీమాలో నిరుద్యోగానికి చోటు దక్కింది 2005 ఏప్రిల్ 1న, రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజనతో. ఫ్యాక్టరీ మూతపడినా, రిట్రెంచ్‌మెంట్ జరిగినా, పనికి సంబంధం లేని గాయం వల్ల 40 శాతానికి తగ్గని శాశ్వత వైకల్యం కలిగినా ఇది వర్తిస్తుంది. కనీసం రెండేళ్ల చందా ఉండాలి. భృతి గరిష్ఠంగా 24 నెలలు వస్తుంది. మొదటి 12 నెలలు సగటు రోజు వేతనంలో 50 శాతం, తర్వాతి 12 నెలలు 25 శాతం ఇస్తారు. రోజు వేతనం 600 రూపాయలు అనుకుంటే మొదటి ఏడాది నెలకు సుమారు 9,000, రెండో ఏడాది 4,500 రూపాయలు వస్తాయి.

రెండోది 2018 జులై 1న మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. ఇందులో సగటు రోజు ఆదాయంలో 25 శాతంగా ఉన్న సాయాన్ని 2020లో కొవిడ్ సమయంలో 50 శాతానికి పెంచారు. గరిష్ఠంగా 90 రోజులు, జీవితంలో ఒక్కసారే ఇస్తారు. అదే 600 రూపాయల వేతనానికి మొత్తం 27,000 రూపాయలు వస్తాయి. సాయం పొందే కాలంలో వైద్య సేవలు కూడా కొనసాగుతాయి. ఇది ప్రయోగాత్మకంగా మొదలై, గడువు పొడిగింపులతో నడుస్తున్న పథకం. కాబట్టి దరఖాస్తుకు ముందు అప్పటికి అమల్లో ఉన్న నిబంధన ఏమిటో ఈఎస్‌ఐ శాఖా కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

ఎవరు అర్హులు?

నెల వేతనం 21,000 రూపాయల లోపు ఉన్నవారే ఈఎస్‌ఐ పరిధిలోకి వస్తారు. 2017 జనవరి నుంచి ఈ పరిమితి ఉంది. 2019 జులై నుంచి కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. పెద్ద కంపెనీలో ఎక్కువ జీతం అందుకునే పర్మినెంట్ ఉద్యోగికి ఈ భృతి ఉండదు. పక్కనే పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి ఉండవచ్చు.

అటల్ పథకానికి కనీసం రెండేళ్లు బీమా ఉన్న ఉద్యోగంలో ఉండాలి. ఈఎస్‌ఐలో చందా కాలాలు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి వరకు మరొకటి. సడలించిన నిబంధన ప్రకారం ఉద్యోగం పోవడానికి సరిగ్గా ముందున్న చందా కాలంలో 78 రోజుల చందా ఉండాలి. అంతకుముందు మూడు కాలాల్లో ఏదో ఒకదానిలోనూ 78 రోజులు ఉండాలి. దుష్ప్రవర్తనపై తొలగించినవారు, పదవీ విరమణ చేసినవారు, స్వచ్ఛంద విరమణ తీసుకున్నవారు అర్హులు కారు.

దరఖాస్తు ఎలా చేయాలి?

ఉద్యోగం పోయిన 30 రోజుల తర్వాత క్లెయిమ్ చేయవచ్చు. మొదట 90 రోజులు ఆగాల్సి ఉండేది, 2020లో దాన్ని తగ్గించారు. దరఖాస్తు నేరుగా శాఖా కార్యాలయానికి ఇవ్వవచ్చు, పాత యజమాని చుట్టూ తిరగనక్కర్లేదు. బీమా నంబరు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ కాపీ సిద్ధంగా ఉంచుకోవాలి. మూడింటిలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. తెలుగు ఇంటిపేరు ఒక కార్డులో ముందు, మరో కార్డులో చివర ఉండటం మామూలే. క్లెయిమ్ ఆగిపోవడానికి అదొక్కటి చాలు. డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది.

బ్రిటన్‌లో మాదిరిగా ఉద్యోగం వెతుకుతున్నట్టు తరచూ రుజువు చూపించాల్సిన పద్ధతి ఇక్కడ లేదు. అయితే కొత్త ఉద్యోగం దొరికిన రోజు నుంచి భృతి ఆగిపోతుంది. దొరికిన సంగతి దాచి డబ్బు తీసుకుంటే తప్పుడు ప్రకటన కింద శిక్ష పడవచ్చు.

యజమాని ఇవ్వాల్సినది

2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లో ఉంది. ఏడాది నిరంతర సర్వీసు ఉన్న కార్మికుడిని రిట్రెంచ్ చేయాలంటే నెల నోటీసు, లేదా నెల వేతనం ఇవ్వాలి. పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. ఎనిమిదేళ్లు చేసినవారికి 120 రోజుల వేతనం వస్తుందన్నమాట. నైపుణ్య శిక్షణ నిధి నుంచి మరో 15 రోజుల వేతనం 45 రోజుల్లో ఖాతాలో పడాలి. గ్రాట్యుటీ వేరు. అది సాధారణంగా ఐదేళ్ల సర్వీసుకు వస్తుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. లెక్క తేల్చే రోజున రాజీనామా కాగితంపై సంతకం పెడితే రిట్రెంచ్‌మెంట్ పరిహారం, నైపుణ్య నిధి సొమ్ము, రాజీవ్ గాంధీ పథకం భృతి మూడూ చేజారతాయి. రాజీనామా రిట్రెంచ్‌మెంట్ కాదు. అందువల్ల యజమాని పంపేస్తుంటే రాతపూర్వక ఉత్తర్వు అడగాలి. హాజరు కార్డు, జీతం చీటీలు, గేట్ పాస్ కాపీలు దాచుకోవాలి. బలవంతంగా సంతకం తీసుకుంటే వెంటనే జంషెడ్‌పూర్ శ్రమ శాఖ కార్యాలయంలో ఫిర్యాదు చేయాలి. తొలగింపుపై ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి గడువు రెండేళ్లు.

పరిహారం చట్టంలో ఉన్నంత మాత్రాన చేతికి వెంటనే వస్తుందనుకోకూడదని బారిడీహ్‌కు దగ్గర్లోని గోల్‌మురి వాసులకు బాగా తెలుసు. అక్కడి కేబుల్ కంపెనీ 2000లో మూతపడింది. కార్మికుల బకాయిల వ్యవహారం ఏళ్ల తరబడి కోర్టులు, దివాలా ట్రిబ్యునళ్ల చుట్టూ తిరిగింది.

పీఎఫ్: చివరిగా ముట్టుకోవాల్సిన డబ్బు

చాలామంది మొదట పరుగెత్తేది పీఎఫ్ కోసమే. ఉద్యోగం పోతే 75 శాతం వెంటనే, మిగిలిన 25 శాతం 12 నెలల నిరుద్యోగం తర్వాత తీసుకునేలా 2025 అక్టోబరు 13న కేంద్ర ధర్మకర్తల మండలి నిర్ణయించింది. అంతకుముందు రెండు నెలలు ఆగితే మొత్తం తీసుకునే వీలుండేది. క్లెయిమ్ చేయాలంటే ఉద్యోగం వదిలిన తేదీ నమోదై ఉండాలి. పదేళ్ల సర్వీసు నిండితేనే పింఛను హక్కు వస్తుంది. పింఛను భాగం తీసేసుకుంటే ఆ సర్వీసు లెక్క పోతుంది. కొత్త చోటికి బదిలీ చేసుకుంటే కలుస్తుంది.

రాష్ట్రాల పథకాలు

ఉపాధి కల్పనా కార్యాలయంలోనో, 2015లో మొదలైన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లోనో పేరు నమోదు చేసుకున్నంత మాత్రాన డబ్బు రాదు. అది ఉద్యోగ సమాచారానికే ఉపయోగం. ఝార్ఖండ్ ముఖ్యమంత్రి సారథి యోజనలో నెలకు పురుషులకు 1,000, మహిళలకు 1,500 రూపాయల భత్యం ఉంది. అయితే అది ఆ పథకం కింద శిక్షణ పొంది మూడు నెలల్లో ఉద్యోగం దొరకని యువతకే, అదీ ఏడాది వరకే. ఆంధ్రప్రదేశ్ 2018 అక్టోబరు 2న ప్రారంభించిన యువనేస్తం మరుసటి ఏడాదే ఆగిపోయింది. పైగా అది ఆ రాష్ట్రంలో ఉండేవారి కోసం. సొంతూరు శ్రీకాకుళమైనా జంషెడ్‌పూర్‌లో బతుకుతున్నవారికి అలాంటి పథకాలు అక్కరకు రావు.

బారిడీహ్ కార్మికుడు చేయగలిగిన ముఖ్యమైన పనులు ఉద్యోగం ఉన్నప్పుడే చేయాల్సినవి. ఈఎస్‌ఐ చందా సరిగా పడుతోందో లేదో ఆరు నెలలకోసారి చూసుకోవడం మొదటిది. కాంట్రాక్టరు మారినప్పుడు పాత బీమా నంబరునే, పాత పీఎఫ్ ఖాతానే కొనసాగించమనడం రెండోది. కొత్త నంబరు తీసుకుంటే రెండేళ్ల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పని పోయాక వాటిని సరిచేసుకోవడం కష్టం. అప్పటికి జీతం చీటీ ఇచ్చిన కాంట్రాక్టరు కూడా దొరకకపోవచ్చు.