గ్యారేజీలో పుట్టిన పాటలు: ఏ ప్లేటుకి గుర్తింపు దక్కాలి?

పోయిన వారం ఓవర్‌టైం పడి పోస్టు పెట్టలేకపోయాం. ఈసారి కొంచెం పెద్దదే రాస్తున్నాం, బ్రేకులో తీరిగ్గా చదవండి.

మేం ముగ్గురం ఉండేది మిషిగన్‌లో. రూముకి కుర్చీలు కొందామని ఆదివారం పాత సామాన్ల సంతకి వెళ్లాం. అక్కడ ఇద్దరు ముసలాయనలు ఒక డబ్బాడు చిన్న గ్రామఫోన్ ప్లేట్ల దగ్గర గట్టిగా వాదించుకుంటున్నారు. "ఇది దొరకడమే గొప్ప" అని ఒకాయన. "దొరక్కపోతే గొప్పదైపోతుందా, పాట బాగుండొద్దా?" అని రెండో ఆయన. కుర్చీల సంగతి మర్చిపోయి వింటూ నిలబడ్డాం. ఆ తర్వాత వారమంతా ఆ ప్లేట్ల చరిత్రే చదివాం.

1964 ఫిబ్రవరి 9న బీటిల్స్ అమెరికా టీవీలో ఎడ్ సల్లివన్ షోలో పాడారు. సుమారు 7 కోట్ల 30 లక్షల మంది చూశారట. ఇక ఊరూరా హైస్కూలు పిల్లలు గిటార్లు పట్టుకున్నారు. ఇంట్లో గోల అంటే కారు పెట్టుకునే గ్యారేజీలో ప్రాక్టీసు. తర్వాతి రోజుల్లో గ్యారేజ్ రాక్ అనే పేరు అలాగే వచ్చింది. తలా ఇంత వేసుకుని స్టూడియోలో ఒక పూట పాడి, 45 ఆర్పీఎం ప్లేట్లు కొన్ని వందలు కొట్టించుకునేవాళ్లు. ఆ వైపొక పాట, ఈ వైపొక పాట. స్కూలు డాన్సుల్లో అమ్మేవాళ్లు, లోకల్ రేడియో వాళ్లని బతిమాలేవాళ్లు. దశాబ్దం అయిపోయేలోపే చాలా బ్యాండ్లు చెదిరిపోయాయి. కొందరు కాలేజీకి, కొందరు వియత్నాం యుద్ధానికి, మిగతావాళ్లు డ్యూటీలకి. ప్లేట్లు అటకెక్కాయి.

1972లో లెన్నీ కే అనే ఆయన అలాంటి పాటలు 27 ఏరి, ఎలెక్ట్రా కంపెనీ ద్వారా 'నగ్గెట్స్' అని రెండు పెద్ద రికార్డుల సెట్టు తెచ్చాడు. వాదన కూడా దాంతోనే ముదిరింది. అందులో చాలావరకు అంతో ఇంతో హిట్టయినవే కదా, ఊరు దాటని వాటి గతేంటి అన్నారు కొందరు. 1970ల చివర్లో 'పెబుల్స్' సిరీస్ వచ్చి ఇంకా మరుగునపడ్డవి బయటికి తీసింది. 1983లో టిమ్ వారెన్ 'బ్యాక్ ఫ్రమ్ ద గ్రేవ్' మొదలుపెట్టి, మొరటుగా, రఫ్‌గా ఉన్నవే అసలు సరుకు అన్నాడు. అదే బ్యాండ్లు పాడిన మెత్తని ప్రేమపాటలు పక్కన పడ్డాయి. ఇలా ఏరేవాడి ఇష్టమే చరిత్ర అయిపోయింది. అరుదైందా, బాగుందా, మొరటుగా ఉందా? ఈ మూడు తక్కెళ్ల మధ్యే వాళ్ల గొడవ ఇప్పటికీ నడుస్తోంది.

మమ్మల్ని పట్టి ఆపేసింది మాత్రం మేమున్న రాష్ట్రపు పాటే. శాగినా, బే సిటీ వైపు బీటు దుంపల పొలాల్లో పనికి టెక్సాస్ నుంచి మెక్సికన్ కుటుంబాలు వలస వచ్చేవి. అలాంటి ఇళ్ల కుర్రాళ్లు కలిసి 'క్వశ్చన్ మార్క్ అండ్ ద మిస్టీరియన్స్' అని బ్యాండు కట్టారు. 1966లో బే సిటీలో '96 టియర్స్' రికార్డు చేసి, పా-గో-గో అనే చిన్న లేబుల్ మీద వేశారు. మిషిగన్ రేడియోల్లో మోగింది. ఫిలడెల్ఫియాలోని కేమియో కంపెనీ తీసుకుంది. అక్టోబరు చివరికి దేశం మొత్తమ్మీద నంబర్ వన్. పొలం కూలీల పిల్లలు, అన్నా!

అంత హిట్టయినా 'నగ్గెట్స్' 27 పాటల్లో అది లేదు. కేమియో పాటల హక్కులు అలెన్ క్లైన్ చేతికి పోయాయి. 2005 దాకా ఆ ఒరిజినల్ రికార్డింగులు సీడీగా సరిగ్గా మార్కెట్లోకి రాలేదు. విసిగిపోయి బ్యాండు వాళ్లు 1990ల్లో తమ పాటలు తామే మళ్లీ పాడి రికార్డు చేసుకున్నారు. పాడింది ఒకరు, కాగితం ఇంకొకరి చేతిలో. ఈ ముక్క మనకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు కదా.

2007లో ఆ గాయకుడి ఇల్లు కాలిపోయింది. ఏళ్ల తరబడి దాచుకున్న జ్ఞాపకాలన్నీ మంటల్లో పోయాయి. కానీ ఆ ప్లేటు ఎవరెవరి డబ్బాల్లోనో బతికే ఉంది. ఇది చదివాక సంతలో పోట్లాడుకున్న పెద్దాయనల మీద మాకు గౌరవం పెరిగింది. ఏది గొప్పదని కొట్లాడుకోవాలన్నా ముందు ఎవరో ఒకరు దాన్ని పారేయకుండా దాచి ఉండాలి.

మాలో ఒకడి నాన్న దుబాయ్ క్యాంపులో ఉన్నప్పుడు క్యాసెట్టు పంపేవాడు. ఇంటి క్షేమం, అప్పు సంగతి, చివర్లో రూములో వాళ్లంతా కలిసి కట్టిన ఒక పాట. దాని మీద ఇంట్లో ఎవరో సినిమా పాటలు ఎక్కించేశారు. నాన్న లేడు, ఆ పాట మళ్లీ దొరకదు. అది గొప్ప పాటేనా అంటే వాడి దగ్గర జవాబు లేదు. తేల్చుకోడానికి వినాలి కదా.

గల్ఫ్‌లో ఉన్న అన్నలూ, మీ ఇళ్లలో అలాంటి క్యాసెట్లు ఉంటే ఈసారి సెలవుకి పోయినప్పుడు వెతకండి. ఫోన్లోకి ఎక్కించి, పాడిందెవరో, ఏ ఊరో, ఏ సంవత్సరమో పక్కన రాసిపెట్టండి. బాగుందా లేదా అన్నది తర్వాత కూర్చుని తేల్చుకుందాం.

కుర్చీలు ఇంకా కొనలేదు. ఈ ఆదివారం మళ్లీ సంతకి పోతున్నాం.