మోటుపల్లి శాసనం నుంచి మిరప చేను దాకా: రిస్క్‌కి నాలుగు జవాబులు



నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు ప్రతి ప్రాజెక్టుకీ ఒక ఎక్సెల్ షీట్ ఉండేది, రిస్క్ రిజిస్టర్ అని. ఏది తేడా కొట్టొచ్చో ఒక కాలమ్‌లో, దానికి మనం ఏం చేస్తామో పక్క కాలమ్‌లో రాయాలి. ఆ పక్క కాలమ్‌లో నాలుగే ఆప్షన్లు. అవాయిడ్, రెడ్యూస్, ట్రాన్స్‌ఫర్, యాక్సెప్ట్. మన భాషలో తప్పించుకోవడం, తగ్గించుకోవడం, బదిలీ చేయడం, భరించడం. నేను చాలాసార్లు యాక్సెప్ట్ పెట్టేసేవాణ్ణి. అది పెడితే ఇంకే పనీ ఉండదు కదా!

2021 చివర్లో ఊరి నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. మాది పర్చూరు వైపు. మూడెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేశాడు. నల్ల తామర పురుగు పడింది. పూతలో దూరి పూతంతా రాల్చేసింది. ఆ ఏడాది రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మిరప రైతులని ముంచింది ఆ పురుగే. "బాబాయ్, ఇన్సూరెన్స్ ఉందా?" అన్నాను. "కౌలు పొలానికి కాగితం ఏదిరా?" అన్నాడు. నేను షీట్‌లో ఈజీగా పెట్టే యాక్సెప్ట్ అంటే ఏంటో అప్పుడు తెలిసింది. అందుకే ఈరోజు ఈ నాలుగు మాటల్నీ మన గుంటూరు, ప్రకాశం చరిత్రలోనే వెతుకుదాం.

ముందు ఒక 780 ఏళ్లు వెనక్కి వెళ్దాం. చినగంజాం దగ్గర మోటుపల్లి అని సముద్రం ఒడ్డున ఊరు ఉంది. ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. కాకతీయుల కాలంలో అది పెద్ద రేవు. 1244లో గణపతిదేవుడు అక్కడ ఒక అభయ శాసనం వేయించాడు. అందులో విషయం ఇది. అంతకుముందు, తుఫానులో ఓడ పగిలి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే, ఆ తీరాన్ని ఏలే రాజు మొత్తం లాగేసుకునేవాడు. అంటే వ్యాపారికి రెండు దెబ్బలు, ఒకటి తుఫాను, రెండోది రాజు. గణపతిదేవుడు ఏమన్నాడంటే, ఇకనుంచి మేం అలా తీసుకోం, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాం అని. ఎగుమతి, దిగుమతుల మీద ముప్పైకి ఒక వంతు.

ఇక్కడ కాస్త ఆగండి. ఇది ఇన్సూరెన్సా? కాదు. మునిగిపోయిన సరుకుకి రాజు డబ్బు కట్టివ్వడు. తుఫాను రిస్క్ వ్యాపారి దగ్గరే ఉంది, అది యాక్సెప్ట్. కానీ రాజు వల్ల వచ్చే రిస్క్ తగ్గింది, అది రెడ్యూస్. ఎంత పోతుందో తెలియని భయం పోయి, ఎంత కట్టాలో ముందే తెలిసిన లెక్క వచ్చింది. ప్రీమియం వెనకున్న ఆలోచన కూడా ఇదే, తెలియని పెద్ద నష్టానికి బదులు తెలిసిన చిన్న ఖర్చు.

ఇప్పుడు అవాయిడ్. రిస్క్ ఉన్న పనే మానేయడం. మన దగ్గర దీనికి మంచి పేరుంది, క్రాప్ హాలిడే. పొగాకు బోర్డు ఆఫీసు గుంటూరులోనే ఉంది. నిల్వలు పేరుకుపోవడంతో 2000-01 సీజన్‌లో ఆంధ్రలో వర్జీనియా పొగాకుకి క్రాప్ హాలిడే ప్రకటించారు. పంట లేకపోతే ధర పడిపోతుందన్న భయం లేదు. కానీ ఆదాయమూ లేదు. అవాయిడ్‌కి కట్టే రేటు అదే.

తర్వాత రెడ్యూస్. ఇది జాగ్రత్తగా వినండి, అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. 1967లో నాగార్జునసాగర్ కాలువల్లో నీళ్లు వదిలారు. 1970లో గుజరాత్‌లో హెచ్-4 వచ్చింది, ప్రపంచంలోనే వాణిజ్యంగా సాగైన మొదటి హైబ్రిడ్ పత్తి. ఆ తర్వాత మన నల్లరేగడిలో హైబ్రిడ్ పత్తి జోరందుకుంది. దిగుబడి పెరిగింది, పురుగూ పెరిగింది. 1980ల్లో సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు వచ్చాయి. రిస్క్ తగ్గించుకుందామని రైతులు కొట్టారు, మళ్లీ కొట్టారు. ఆ మందులు పురుగుని తినే మిత్ర పురుగుల్ని కూడా చంపేశాయి. దాంతో అప్పటిదాకా పెద్దగా లెక్కలో లేని తెల్లదోమ ఒక్కసారిగా విజృంభించింది. 1987-88 నాటికి ప్రకాశం, గుంటూరు పత్తి రైతులు అప్పుల్లో కూరుకుపోయారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు.

అంటే ఒక రిస్క్ తగ్గించబోయి ఇంకోటి పుట్టించాం. ఆఫీసు భాషలో దీన్ని సెకండరీ రిస్క్ అంటారు. దీనికి సరైన రెడ్యూస్ మందు డబ్బాలో కాకుండా విత్తనంలో దొరికింది. గుంటూరు పక్కనే ఉన్న లాం ఫారం నుంచి తెల్లదోమని తట్టుకునే కాంచన లాంటి పత్తి రకాలు వచ్చాయి.

మరి ఆ రైతులకి ట్రాన్స్‌ఫర్, అంటే బీమా, ఎందుకు లేదు? మన దేశంలో పంట బీమా ప్రయోగం మొదలైందే పత్తితో! 1972-73లో జనరల్ ఇన్సూరెన్స్ కార్పొరేషన్ గుజరాత్‌లో హెచ్-4 పత్తికి మొదలుపెట్టింది. తర్వాత ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాలకి తీసుకెళ్లారు. 1978-79 దాకా నడిచింది. మొత్తం 3,110 మంది రైతులు. వచ్చిన ప్రీమియం 4.54 లక్షలు, కట్టిన క్లెయిములు 37.88 లక్షలు. రూపాయి తీసుకుని ఎనిమిది రూపాయలు ఇచ్చినట్టు. ఒక్కో పొలానికీ వెళ్లి నష్టం లెక్కగట్టే పద్ధతి కాబట్టి ఖర్చు కూడా ఎక్కువే. ఆపేశారు.

1985లో సమగ్ర పంటల బీమా వచ్చింది. ఈసారి పొలం కాకుండా ఏరియా మొత్తం సగటు దిగుబడి చూస్తారు. వరి, గోధుమ, చిరుధాన్యాలు, పప్పులు, నూనెగింజలు ఉన్నాయి. అదీ పంట రుణం తీసుకున్నవాళ్లకే. పత్తి లేదు, మిరప లేదు. రెండేళ్లకి తెల్లదోమ ముంచినప్పుడు మన పత్తి రైతు షీట్‌లో ట్రాన్స్‌ఫర్ అనే ఆప్షనే లేదన్నమాట. 1999-2000 రబీలో వచ్చిన జాతీయ వ్యవసాయ బీమాతో గానీ ఇలాంటి వాణిజ్య పంటలకి తలుపు తెరుచుకోలేదు. 2016 నాటి ఫసల్ బీమాలో వాణిజ్య, ఉద్యాన పంటలకి రైతు వాటా గరిష్ఠంగా 5 శాతం అని పెట్టారు.

అయినా ఒక చిక్కు మిగిలింది. ఏరియా సగటు బాగుండి మీ చేను ఒక్కటే పోతే? వాతావరణ బీమాలో వాన, ఎండ లెక్క సరిగ్గానే ఉండి పురుగు తినేస్తే? నష్టం నిజం, డబ్బు మాత్రం రాదు. దీన్ని బేసిస్ రిస్క్ అంటారు. ట్రాన్స్‌ఫర్ చేశాం అనుకున్నదాంట్లో కొంత మన దగ్గరే మిగిలిపోతుంది.

చివరిగా యాక్సెప్ట్. కంపెనీకి ఇది ఒక నిర్ణయం. నష్టం చిన్నది, రిజర్వ్‌లో డబ్బుంది, భరిద్దాం అనుకుంటుంది. బాబాయికి నిర్ణయమే లేదు. కౌలు ముందే ఇచ్చేశాడు. ఎకరానికి లక్ష పైన పెట్టుబడి, అందులో సగం అప్పు. సంతకం పెడితే పొలం ఎక్కడ పోతుందోనని యజమాని భయం. 2019 చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కు పత్రం వస్తుంది, కానీ దానికి యజమాని ఒప్పుకోవాలి. మిగతా ముగ్గురూ తమ కాలమ్‌లో ఏదో ఒకటి రాసుకున్నారు. యజమాని కౌలు ముందే తీసుకుని రిస్క్ తప్పించుకున్నాడు. అప్పిచ్చినాయన వడ్డీలో సర్దుకున్నాడు. మందుల షాపాయన పంట టిక్కీల మీద హామీ పెట్టించుకున్నాడు. అందరూ పక్కకి నెట్టిన రిస్క్ వచ్చి బాబాయి దగ్గర ఆగింది.

అందుకే ఎవరైనా మీతో "రిస్క్ హ్యాండిల్ చేశాం" అంటే ఒక్కటే అడగండి. పోయిందా, తగ్గిందా, లేక చేతులు మారిందా? మారితే ఎవరి చేతికి? ఫోన్ ఇన్సూరెన్స్ తీసుకున్నా, బండి పాలసీ తీసుకున్నా, ఆఫర్ లెటర్‌లో బాండ్ మీద సంతకం పెట్టినా ఇదే ప్రశ్న.

బాబాయి ఈ ఏడాది ఒక ఎకరం మిరప, రెండెకరాలు శనగ వేశాడు. ఇదేంటని అడిగితే "మొత్తం ఒకదాని మీదే పెట్టనురా" అన్నాడు. షీట్ చూడకుండానే రెడ్యూస్ రాశాడు! మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇలా రిస్క్‌ని ఎలా తట్టుకున్నారో కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.