లంబసింగికి బతకడానికి వచ్చినవాళ్ళు

నర్సీపట్నంలో చెమటలు కక్కుతూ బస్సెక్కినవాళ్ళు డౌనూరు దాటి ఘాట్ మలుపులు తిరిగేసరికి కిటికీ అద్దాలు మూసుకుంటారు. ముప్పై కిలోమీటర్లలో వేరే దేశానికి వచ్చినట్టు ఉంటుంది. మా లంబసింగి సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. చుట్టూ కొండలు, నడుమ పల్లం. రాత్రి కొండల మీద చల్లబడిన గాలి బరువెక్కి ఈ పల్లంలోకి దిగుతుంది, పొద్దు బాగా ఎక్కేదాకా కదలదు. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని తెల్లవారుజాములు సున్నా డిగ్రీల దగ్గరదాకా వెళ్తాయి. ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. పెద్దవాళ్ళు ఇప్పటికీ అలాగే పిలుస్తారు.

ఈ చలి చూడ్డానికి వచ్చిపోయేవాళ్ళ గురించి చాలామంది రాశారు. ఇక్కడికి వచ్చి ఉండిపోయినవాళ్ళు ఎవరు, ఏం చేసుకుని బతికారు, ఎవరి అండతో బతికారు అన్నది మాత్రం ఎవరూ రాయగా నేను చూడలేదు. మా ఊరి చరిత్రలో నాకు ముఖ్యమనిపించేది అదే.

భగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోందులు ముందునుంచీ ఉన్నవాళ్ళు. వాళ్ళకు ఇది వలస వచ్చిన చోటు కాదు. కొండవాలులో పోడు కొట్టి చోళ్ళు, సామలు, వలిసెలు పండించుకునేవాళ్ళు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక ఆ పోడుకే అడ్డుకట్ట పడింది. ఆ తర్వాత కింద నుంచి వచ్చినవాళ్ళు అధికారం చేతిలో పట్టుకుని వచ్చారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించింది గిరిజనుల చేత, చాలీచాలని కూలికి, బెదిరించి. ఈ రోజు టూరిస్టు కార్లు ఎక్కివస్తున్న దారికి మొదటి రాళ్ళు మోసింది ఆ చేతులే. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి తుపాకులు పట్టుకెళ్ళడం వెనక ఈ రోడ్డు పని కడుపుమంట కూడా ఉంది. గాం గంటం దొర, మల్లు దొర అన్నదమ్ములు ఆ దళంలో ముందువరసలో నిలబడ్డవాళ్ళు. శిక్ష అనుభవించి వచ్చిన మల్లు దొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఈ సంగతి మా పిల్లల్లో చాలామందికి తెలియదు, తెలియాలి.

ఆ తిరుగుబాటు సాగిన రెండేళ్ళూ దాన్ని అణచడానికి వచ్చిన బలగాలను తుపాకీ గుండ్లతో పాటు ఈ నేల కూడా సతాయించింది. దామనపల్లి కనుమలో 1922 సెప్టెంబరు 24న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. మిగిలినవాళ్ళలో చాలామందిని మలేరియా పడుకోబెట్టింది. అందుకే కొండలకు అలవాటుపడ్డ మలబారు పోలీసులను, తర్వాత అస్సాం రైఫిల్స్‌ను రప్పించారు. చలికి కంబళి ఉంది గానీ ఆ జ్వరాన్ని తట్టుకోవడం మైదానంవాళ్ళకు తేలిక కాలేదు. మన్యానికి బదిలీ అంటే శిక్ష అనే మాట ఉద్యోగుల్లో ఎన్నో దశాబ్దాలు నిలిచిపోయింది. కొండవాగుల పారేనీటి ఒడ్డున పెరిగే దోమ వల్ల ఆ జ్వరం వస్తుంది కాబట్టి నీళ్ళు నిలవకుండా చూసుకుంటే సరిపోదు. ఇక్కడ కుదురుకోవాలని వచ్చినవాళ్ళకు మొదటి పరీక్ష చలికాలం కాదు, వానాకాలం.

జ్వరానికి భయపడకుండా వచ్చినవాళ్ళు షావుకార్లు. ఉప్పు, బట్ట, అప్పు తెచ్చి ఇచ్చి చింతపండు, కరక్కాయలు, పసుపు పట్టుకెళ్ళేవాళ్ళు. అప్పు పెరిగితే పొలం రాయించుకునేవాళ్ళు. ఈ దోపిడీ తెల్లదొరలకు కూడా తెలుసు. 1917లోనే ఒక చట్టం తెచ్చి గిరిజనుల అప్పు మీద వడ్డీ ఏడాదికి నూటికి 24 మించకూడదన్నారు, ప్రభుత్వ ఏజెంటు అనుమతి లేకుండా గిరిజనుల భూమి బయటివాళ్ళకు పోకూడదన్నారు. కాగితం మీద ఉన్నంత గట్టిగా అది కొండ మీద లేదు. 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టి అటవీ ఉత్పత్తులు నేరుగా కొనడం, డిపోల్లో సరుకులు అమ్మడం మొదలుపెట్టాక షావుకారు పట్టు సడలింది. 1959 నిబంధన, దాన్ని బిగించిన 1970 సవరణ, అంటే మేమందరం 1/70 అనే చట్టం, అసలు గొళ్ళెం వేసింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడు భూమి కొనలేడు. ఇంకో గిరిజనేతరుడి దగ్గర కూడా కొనలేడు. కౌలు కూడా బదిలీ కిందకే వస్తుంది.

నేను గిరిజనేతరుల ఇంట పుట్టాను, అయినా ఈ చట్టం నాకు అత్యంత ఇష్టమైన చట్టం. మా ఊళ్ళో బయటివాళ్ళకూ ఊరివాళ్ళకూ మధ్య ఈమాత్రం మర్యాద మిగిలిందంటే ఆ చట్టం వల్లే. భూమి దక్కదని తెలిసి కూడా కొండెక్కే మనిషికి తన చేతిపని తప్ప వేరే పెట్టుబడి ఉండదు. ఊరికి ఆ పని అవసరమైతే ఉంటాడు, లేదంటే దిగిపోతాడు.

మా నాన్న అలా వచ్చినవాడే. చోడవరం వైపు పల్లెలో కుట్టుపని చాలనంతమంది దర్జీలు ఉంటే మిషను నెత్తిన పెట్టుకుని సంతలు తిరుగుతూ ఇక్కడికి చేరాడు. ఆశ్రమ పాఠశాల పిల్లలకు యూనిఫారాలు కుట్టే పని దొరికింది. అద్దెకిచ్చిన భగత పెద్దాయన మొదటిరోజే తేల్చి చెప్పాడట: ‘ఇల్లిత్తాను గానీ జాగా అడగొద్దు బావూ.’ నాన్న అడగలేదు, నేనూ అడగలేదు. అదే ఇంటి వసారాలో ఆ మిషను ఇప్పుడు నేను తొక్కుతున్నాను. చలికాలం వస్తే చిరిగిన స్వెటర్లు, జిప్పులు పోయిన జెర్కిన్లు కుప్పపడతాయి. పొద్దున్న మిషను నూనె చిక్కబడి చక్రం బరువుగా తిరుగుతుంది కాబట్టి నూనె డబ్బా కుంపటి దగ్గర కాసేపు పెట్టాలి. ఉతికిన బట్టలు రెండు రోజులైనా ఆరవు. కొబ్బరినూనె నవంబరులో గడ్డకట్టిందంటే చాన్నాళ్ళు సీసాలోంచి పుల్లతో తీసుకోవాల్సిందే.

అయితే ఈ చుట్టుపక్కల బతుకు తీరును నిజంగా మార్చింది కాఫీ. 1960లలో అటవీ శాఖ పోడు తగ్గించి నేల కోత ఆపడానికి కొండల మీద కాఫీ వేయించింది. చింతపల్లికి అవతల ఆర్వీ నగర్ తోటలు అప్పటినుంచీ కూలిపని ఇస్తున్నాయి. తర్వాత గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ మొక్కలు, నీడకు సిల్వర్ ఓక్ ఇచ్చి గిరిజన కుటుంబాల చేత సొంత భూముల్లో పెట్టించింది. ఆ సిల్వర్ ఓక్ మీదికే మిరియం తీగలు ఎక్కించారు. కూలీ రైతు కావడం మన దేశంలో అరుదుగా జరుగుతుంది. ఇక్కడ జరిగింది. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు పేరు అరకుది అయినా పండుగ మాది కూడా.

ఆ పంట ఎంత కష్టంతో డబ్బవుతుందో కాఫీ తాగేవాళ్ళు ఒక్కసారి చూడాలి. నవంబరు నుంచి పండు ఎర్రబడుతుంది. అన్నీ ఒకేసారి పండవు కాబట్టి ఒకే చెట్టు దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి, ఎర్రవి మాత్రం ఏరాలి. కోసిన రోజే బేబీ పల్పర్‌లో వేసి తిప్పితే తొక్క ఒకవైపు, గింజ ఒకవైపు పడతాయి. గింజకు జారుడు జిగురు పట్టి ఉంటుంది. దాన్ని తొట్టిలో పులియబెట్టాలి. కింద వేడి ఊళ్ళలో అయితే త్వరగా పులుస్తుంది, మా చలికి ఆలస్యమవుతుంది. మా పక్కింటి అమ్మ తెల్లవారుజామున లేచి చేయి తొట్టిలో పెట్టి గింజలు నలిపి చూస్తుంది. గరుకుగా గులకరాళ్ళు రాసుకున్న చప్పుడు వస్తే కడగాలి, ఇంకా జారుతుంటే ఆగాలి. కడగడం గెడ్డ నీళ్ళతోనే. ఆ నీళ్ళలో చేతులు పెట్టి తీసేసరికి వేళ్ళు ముడుచుకోవు. నెగడు దగ్గర కాచుకుని మళ్ళీ దిగుతుంది. తర్వాత టార్పాలిన్ మీద ఆరబోయాలి. మంచు విడిచేది పది గంటలకు, ఎండ పల్చబడేది నాలుగింటికి. ఆ మధ్యలోనే ఆరాలి, ఆ మధ్యలోనే తిరగేయాలి. సరిగ్గా ఆరని గింజకు బూజు పట్టి ధర పడిపోతుంది.

స్ట్రాబెర్రీ తర్వాత వచ్చింది. మహారాష్ట్ర నుంచి మొక్కలు తెప్పించి, మల్చింగ్ షీటు పరిచి, డ్రిప్పు వేసి, డిసెంబరు నుంచి మార్చిదాకా కాయ కోస్తున్నారు. తోటలోనే డబ్బాలు కట్టి టూరిస్టులకు అమ్మేస్తే రవాణా బాధ ఉండదు. దీని మెలకువలు మైదానం నుంచి వచ్చినవాళ్ళే ముందు చూపించారు, చూసి స్థానిక కుర్రాళ్ళు నేర్చుకున్నారు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆపిల్ మొక్కలు కూడా పెట్టించి చూశారు. చింతపల్లి వ్యవసాయ పరిశోధనా స్థానం రాజ్మా, వలిసెల వంటి పంటల మీద పనిచేస్తోంది. చలినే నమ్ముకున్న పంటలు ఇవన్నీ. ఒకప్పుడు మనుషుల్ని తరిమిన వాతావరణం ఇప్పుడు కూడు పెడుతోంది.

టూరిజం సంగతి అంత సంతోషంగా చెప్పలేను. చెరువులవేనం కొండ మీద మబ్బులు చూడ్డానికి జనం వస్తారు. కుర్రాళ్ళు టెంట్లు అద్దెకిస్తారు, బొంగు చికెన్ కాలుస్తారు, టీ అమ్ముతారు. ఆ డబ్బు ఊళ్ళోనే ఉంటుంది, బాగానే ఉంది. కానీ కొన్ని పెద్ద కట్టడాల బోర్డు మీద ఊరివాడి పేరుంటే లెక్కల పుస్తకం కింద పట్టణంలో ఉంటోంది. భూమి ఇచ్చిన కుటుంబం అదే కట్టడంలో గదులు తుడుస్తోంది. ఒకప్పటి షావుకారు చేసిందీ ఇదే, దుకాణం మారింది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం చేరే 516ఇ జాతీయ రహదారి వల్ల భూమి మీద ఈ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. డోలీలో మోసుకొచ్చిన బాలింతను ఆ రోడ్డు మీద త్వరగా ఆసుపత్రికి చేర్చవచ్చు, కాబట్టి రోడ్డు వద్దని నేను అనను. కానీ రోడ్డు పక్క జాగాకు ఎవరి పేరు మీద ఎవరు డబ్బు పెడుతున్నారో గ్రామసభ అడిగి తీరాలి. 1996 పెసా చట్టం గ్రామసభకు ఆ బలం ఇచ్చింది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది కాబట్టి ఇంతకుముందులా అర్జీ పట్టుకుని విశాఖదాకా పోనక్కర్లేదు.

ఉద్యోగాలు వదిలి కొండ మీద బతుకుదామని అడిగేవాళ్ళు ఈమధ్య పెరిగారు. రండి. భూమి మాట ఎత్తకుండా వస్తే ఇక్కడ చేయడానికి పనులు ఎన్నో ఉన్నాయి. పల్పర్ చెడితే బాగుచేసేవాళ్ళు లేక పంట తొట్టిలోనే చెడుతోంది. గాలివానకు కరెంటు పోతే ఇంటి వైరింగ్ చూసేవాళ్ళు కరువు. రాత్రి ఊళ్ళోనే పడుకునే టీచరు, కోందుల భాష కువి మాట్లాడ్డం నేర్చుకోగల నర్సు ఎంతమంది వచ్చినా చాలరు. డిసెంబరు చూసి మాత్రం నిర్ణయానికి రాకండి. ఆగస్టులో వచ్చి ఒక నెల ఉండండి. ఘాట్‌లో చెట్టు పడి బస్సు ఆగిపోతుంది, దోమతెర తడిసే ఉంటుంది, ఇంట్లో ఒకరికైనా జ్వరం వస్తుంది. అప్పుడు కూడా ఉండాలనిపిస్తే ఇల్లు అద్దెకు నేను మాట్లాడిపెడతాను.